లెక్కల రక్షణ – జ్ఞానపంచమి పాఠము

కార్తీక శుద్ధ పంచమి నాడు శ్వేతాంబరులును, జ్యేష్ఠ శుద్ధ పంచమి నాడు దిగంబరులును గ్రంథములను పెట్టెలనుండి వెలికి తీసి, దుమ్ము దులిపి, వస్త్రములలో చుట్టి పూజించుట మన ఆచారము. ఇందు భక్తితోపాటు వివేకమును కలదు. ఏటికొక్కసారియైనను పెట్టె తెరువనిచో, లోపల గ్రంథమున్నదో, చెదలు మిగిల్చిన మన్నున్నదో ఎవరికి తెలియును?

నేడు మన చిట్టా, ఆవర్జాలు ఎఱ్ఱ అట్టల బహీలలో లేవు. అంగడి మూలనున్న సర్వరులో నున్నవి. దీపావళి నాడు కంప్యూటరుకు కుంకుమ పెట్టుచున్నాము గాని, అందలి లెక్కలకు మారుప్రతి యున్నదా, ఉన్నచో అది తెరుచుకొనునా యని చూచువారు కొద్దిమందియే. ఈ విషయమును మన వర్తక సోదరులకు విన్నవించుటయే ఈ వ్యాసము ఉద్దేశము.

మూడబిద్రి నేర్పిన పాఠము

పుష్పదంత, భూతబలి ఆచార్యుల షట్ఖండాగమమునకు వీరసేనాచార్యులు వ్రాసిన ధవల వ్యాఖ్య, దానితోపాటు జయధవల, మహాధవల గ్రంథముల తాళపత్ర ప్రతులు శతాబ్దముల తరబడి మూడబిద్రి సిద్ధాంత బసదిలో మాత్రమే మిగిలియుండెను. యాత్రికులు వాటికి దూరమునుండి నమస్కరించిరే గాని చదువలేదు. ఈలోగా కొన్ని ఆకులు నశించెను. 1896లో నకలు వ్రాయించుట మొదలిడగా, పని ముగియుటకు దాదాపు పాతికేండ్లు పట్టెను. పిదప ఒక ప్రతి బయటి ఊళ్లకు చేరుటచేతనే, డాక్టరు హీరాలాల్ జైన్ సంపాదకత్వమున 1939లో ధవల మొదటి సంపుటము అచ్చుపడెను. ఒకే చోట, ఒకే ప్రతిగా నున్న వస్తువు ఎంత భద్రముగా నున్నట్లు తోచినను భద్రము కాదు.

పదవ శతాబ్దమున దానచింతామణి అత్తిమబ్బె ఈ సంగతి ముందే గ్రహించెను. పొన్నకవి శాంతిపురాణమునకు వేయి ప్రతులు వ్రాయించి పంచిపెట్టెనని ప్రసిద్ధి. మన పావగడ తాలూకాలోనే, నిడుగల్లు కొండమీద పార్శ్వనాథ బసది నిర్మాణమును తెలుపు 13వ శతాబ్దపు శాసనమున్నది. ఆ రాయి ఎండవానలలో నున్నను, రైస్ దొర 1904లో తుమకూరు జిల్లా శాసనములను అచ్చువేయించుటచే దాని పాఠము అనేక గ్రంథాలయములలో నిలిచియున్నది.

నష్టము ఏ దారిని వచ్చును?

నాలుగు దారులు కలవు. మొదటిది యంత్రము చెడుట. వేసవి వేడిమి, మాటిమాటికి పోయి వచ్చు కరెంటు, ఉరుములతో కూడిన పిడుగులు హార్డు డిస్కును చెరుపును. రెండవది అగ్ని, వరద, దొంగతనము. వీనిలో అంగడితోపాటు అంగడిలోని ప్రతియు పోవును. మూడవది మనుష్యుల పొరపాటు. గుమాస్తా ఒక సంవత్సరపు లెక్కను తుడుచుననుకొని మరియొక దానిని తుడుచును. నాలుగవది రాన్సమ్‌వేర్ అను దుష్ట ప్రోగ్రాము. ఇది ఫైళ్లన్నిటికి తాళము వేసి, సొమ్మిచ్చిన గాని తీయనని బెదరించును.

2022 నవంబరు 23న ఢిల్లీ ఎయిమ్స్ ఆసుపత్రికి పట్టినది ఈ నాలుగవ ఆపదయే. అయిదు సర్వర్లలో సుమారు 1.3 టెరాబైట్ల డేటాకు తాళము పడెను. ఎన్నో దినములు రోగుల చీట్లు చేతితో వ్రాయవలసి వచ్చెను. ఆపద సోకని ఒక బ్యాకప్ సర్వరు నుండి డేటా తిరిగి లభించినదని ప్రభుత్వము పార్లమెంటులో తెలిపెను.

2017 జూన్‌లో మెర్స్క్ అను గొప్ప ఓడల కంపెనీకి ఇట్టి దెబ్బయే తగిలెను. లోకమంతట నున్న దాని ముఖ్య సర్వర్లు నశింపగా, ఘానా దేశములోని ఒక్కటి మాత్రము మిగిలెను. ఆ సమయమున అక్కడ కరెంటు పోయి, అది నెట్‌వర్కు నుండి విడివడి యుండుటయే కారణము! కరెంటు కోతను తిట్టుకొను మనకు ఇందొక నీతి కలదు. తీగతో కలిసియున్న ప్రతి అసలుతోపాటు చచ్చును. విడిగా నున్న ప్రతి బ్రదుకును. అయితే ఆ విడదీయు పనిని అదృష్టమునకు వదలరాదు.

రెండు ప్రశ్నలు

పథకము వేయుటకు ముందు యజమాని రెండు ప్రశ్నలు వేసికొనవలెను. ఎంత పనిని మరల వ్రాసికొనుటకు సిద్ధము? ఎంతసేపు కంప్యూటరు లేకుండ అంగడి నడుపగలము?

పావగడ బజారులో దినమునకు రెండువందల బిల్లులు వేయు ఒక అంగడి నూహింతము. రాత్రి తొమ్మిదింటికి మాత్రమే ప్రతి తీయుచుండగా, సాయంత్రము ఆరింటికి డిస్కు చెడినచో, ఆనాటి బిల్లులన్నియు మరల ఎక్కింపవలెను. గంటకొకసారి తీసినచో గంట పనియే పోవును. ఇది మొదటి కొలత. శనివారమున శనైశ్చరాలయ యాత్రికులతో బజారు నిండియున్నప్పుడు పూట పని ఆగుట సహింపలేనిచో, సిద్ధముగా మరియొక కంప్యూటరు ఉంచుకొనవలెను. రెండు దినములు ఓర్చుకొనగల వానికి ఆ ఖర్చు అక్కరలేదు. ఇది రెండవ కొలత. ఈ రెండును తెలియక కొన్న పరికరము వృథా.

మూడు ప్రతులు

అనుభవజ్ఞుల సూత్రము సులభము: ప్రతులు మూడు, సాధనములు రెండు రకములు, ఒక ప్రతి ఊరి బయట. మొదటిది సర్వరులోని అసలు. రెండవది విడి డిస్కు. ప్రతి తీయునపుడు మాత్రమే తగిలించి, పిదప ఊడదీసి ఇనుప పెట్టెలో ఉంచవలెను. మూడవది హిందూపురముననో, బెంగుళూరుననో ఉన్న బంధువుల యింట, లేదా నమ్మకమైన క్లౌడు నిల్వలో ఉండవలెను. బయటికి పోవు ప్రతికి రహస్య సంకేతముతో తాళము వేయవలెను. ఆ సంకేతమును కాగితముపై వ్రాసి రెండు చోట్ల దాచవలెను. అది మరచినచో మన ప్రతి మనకే తెరుచుకొనదు.

ఒక ప్రతిపై మరియొక ప్రతిని దిద్దుకొనుచు పోరాదు. తప్పు పదిదినముల తరువాత బయటపడినచో, దిద్దిన ప్రతిలోను ఆ తప్పే యుండును. ఏడు దినముల ప్రతులు, నాలుగు వారముల ప్రతులు, పండ్రెండు నెలల ప్రతులు, ఆర్థిక సంవత్సరాంతమున ఒక శాశ్వత ప్రతి, ఇట్లు తాత, తండ్రి, కొడుకు వరుసను ఉంచవలెను. ఒకే సర్వరులో రెండు డిస్కులు జంటగా వ్రాయు ఏర్పాటు మంచిదే గాని, అది మారుప్రతి కాదు. ఒకదానిలో తుడిచినది రెండవదానిలోను తుడిచిపోవును.

బిల్లులు వేయుచుండగా డేటా ఫైళ్లను ఊరక నకలు చేసినచో, సగము వ్రాసిన పద్దులతో ప్రతి చెడవచ్చును. ప్రోగ్రాములోనున్న బ్యాకప్ సదుపాయమునే వాడవలెను. డేటాతోపాటు ప్రోగ్రాము స్థాపించు ఫైళ్లు, లైసెన్సు వివరములు, ప్రింటరు, పన్ను సెట్టింగులు కూడ దాచవలెను.

తెరిచి చూడని ప్రతి ప్రతి కాదు

గిట్‌ల్యాబ్ అను సాఫ్టువేరు కంపెనీ 2017 జనవరి 31న ఈ పాఠమును కష్టపడి నేర్చెను. ఒక ఇంజనీరు పొరపాటున అసలు సర్వరులోని డేటాను తుడిచెను. ప్రతులకు అయిదు ఏర్పాట్లున్నవని తలచిరి. చూడగా ఒక్కటియు సరిగా పనిచేయుట లేదు. ఒక ఏర్పాటు ఎన్నాళ్లుగానో విఫలమగుచుండగా, ఆ హెచ్చరిక ఉత్తరములును వారికి చేరలేదు. మరియొక పనికై ఆరు గంటల ముందు తీసికొనిన ప్రతి దొరుకుటచే బయటపడిరి; ఆ ఆరు గంటల పని మాత్రము పోయెను.

కావున మూడు నెలలకొకసారి ప్రతిని వేరొక కంప్యూటరులో ఎక్కించి తెరువవలెను. నిన్నటి రోకడ నిల్వ, పది ఖాతాల బాకీలు, సరుకు నిల్వ అసలుతో సరిపోయినవా చూచి, ఎంతసేపు పట్టినదో గడియారము చూచి వ్రాసికొనవలెను.

ఆపద నాటి కాగితము

ఒక కాగితముపై ఇవి వ్రాసి గోడకు తగిలింపవలెను: ఎవరిని పిలువవలెను, ప్రతులెక్కడ నున్నవి, ముందు ఏది ఎక్కింపవలెను. మొదట బిల్లులు, తరువాత సరుకు, పిదప పాత లెక్కలు అను క్రమము చాలమందికి సరిపడును. అచ్చువేసిన బిల్లు పుస్తకమొకటి సిద్ధముగా నుండవలెను. రాన్సమ్‌వేర్ కనబడినచో వెంటనే నెట్‌వర్కు తీగ ఊడదీయవలెను. కంగారులో బ్యాకప్ డిస్కును ఆ యంత్రమునకు తగిలింపరాదు. 1930 నంబరుకు ఫిర్యాదు చేయవలెను.

చట్టమును ఇదే కోరుచున్నది. కంప్యూటరు లెక్కలకు తగిన మారుప్రతి ఉండవలెననియు, ప్రమాదమున నశించినచో సముచిత కాలములో తిరిగి పొందగలిగి యుండవలెననియు జి.ఎస్.టి. 57వ నియమము చెప్పును. లెక్కలను వార్షిక రిటర్ను గడువు నుండి 72 నెలలు భద్రపరుపవలెను. కంపెనీలుగా నమోదైనవారు భారతదేశములోని సర్వరులో ప్రతిదినము బ్యాకప్ ఉంచవలెనని 2022 నుండి నియమము.

ధర్మదృష్టి

ఇది కేవలము మన లాభనష్టముల మాట కాదు. వేరుసెనగ రైతు చెల్లించిన బాకీ, విధవరాలు తాకట్టు పెట్టిన నగ, గుమాస్తాకు ఇయ్యవలసిన జీతము, ఇవన్నియు మన లెక్కలలో నున్నవి. ఆ పద్దు చెరిగిపోయినచో, రసీదు పోగొట్టుకొన్న పేదవాడు రెండవసారి చెల్లింపవలసి రావచ్చును. తత్త్వార్థసూత్రము సత్యవ్రతమునకు చెప్పిన అతిచారములలో న్యాసాపహారమొకటి. దాచుకొన్నవాడు తన సొమ్మెంతయో మరచి తక్కువ అడిగినపుడు, తెలిసియు ఊరకుండుట దాని భావము. తెలిసి ఊరకుండుట దోషమైనచో, తెలిసికొను సాధనమునే అజాగ్రత్తచే పోగొట్టుకొనుట నిర్దోషమగునా? కర్మబంధ కారణములలో ప్రమాదమును, అనగా ఏమరుపాటును, మన ఆచార్యులు ఊరక చేర్చలేదు.

రాబోవు జ్ఞానపంచమి నాడు, శ్రుతపంచమి నాడు గ్రంథముల పెట్టె తెరిచిన పిదప, ఆ చేతులతోనే బ్యాకప్ డిస్కును తీసి వేరొక కంప్యూటరుకు తగిలించి చూడుడు. పిల్లలను ప్రక్కన కూర్చుండబెట్టుకొనుడు. ఈ పని రేపు చేయవలసినవారు వారే. లెక్కలు తెరుచుకొన్నచో ఆనాటి పూజ సంపూర్ణము. తెరుచుకొననిచో, ఆపద రాకముందే తెలిసినది గనుక, అదియును మేలే.