మిత్రుని రాజు

చదరంగము ఇద్దరాడెడి ఆట యని మనమందరము ఎరుగుదుము. 64 గళ్ల బల్ల, 32 పావులు, ఇద్దరు రాజులు. ఎదుటివాని పావువలన రాజునకు అపాయము కలిగినచో దానిని ‘చెక్’ అందురు. తప్పించుకొను దారి లేనిచో ‘ఆటకట్టు’. ఇందొక చిత్రము కలదు: ఈ ఆటలో రాజును చంపుట లేదు. ఎదుటివాని రాజును తీసికొనరాదని అంతర్జాతీయ చదరంగ సమాఖ్య నియమము. రాజు పట్టుబడక తప్పదని తేలిన క్షణముననే ఆట ముగియును.

మరి నలుగురు రెండు జట్లుగా కూర్చుండి ఒకే బల్లపై ఆడినచో ఈ నియమము చాలునా?

నలుగురాడు చదరంగము మన దేశమునకు క్రొత్తది కాదు. సుమారు 1030వ సంవత్సరమున భారతదేశమును గూర్చి గ్రంథము వ్రాసిన అల్‌బిరూనీ, నలుగురు పాచికలు వేసి ఆడు చదరంగమును వర్ణించెను. 16వ శతాబ్దమున వంగదేశీయుడగు రఘునందనుడు ‘తిథితత్త్వము’న కోజాగర పూర్ణిమ నాటి రాత్రి ఆడదగిన ఇట్టి ఆటనే వివరించెను. అందు ఒక్కొక్కనికి రాజు, ఏనుగు, గుర్రము, ఓడ, నలుగురు బంట్లు ఉందురు. నదులు నిండిన వంగసీమలో ఓడ సేనాంగమగుట వింత కాదు. ఈ ఆటలలో రాజును తక్కిన పావులవలెనే పట్టి తీసివేయుదురు.

ఇట్లేల? ఒక ఉదాహరణముతో కారణమును తెలిసికొందము. రేపల్లె చెంత కృష్ణానది పడమటి గట్టున పెనుమూడి గ్రామమున్నది. అచ్చట నలుగురు బాలురు పాచికలు లేకుండ ఈ ఆటకు కూర్చుండిరనుకొందము. నది దిక్కున కూర్చుండినవాడు తూర్పువాడు. వానికెదురుగా పడమటివాడు, వీరిద్దరు మిత్రులు. దక్షిణమువాడును, ఉత్తరమువాడును రెండవ జట్టు. వంతు తూర్పు, దక్షిణము, పడమర, ఉత్తరము అను వరుసలో తిరుగును.

ఉత్తరమువాడు తూర్పు రాజునకు చెక్ చెప్పినచో భయము లేదు. వెంటనే వచ్చునది తూర్పువాని వంతే గనుక తన రాజును తానే కాపాడుకొనవచ్చును. కాని దక్షిణమువాడు తన గుర్రమును ప్రక్కకు తొలగించుటచే, దాని వెనుకనున్న ఉత్తరమువాని ఏనుగునకు తూర్పు రాజుపైకి దారి తెరవబడినదనుకొనుడు. అప్పుడేమగును? తూర్పువాని వంతు రాకముందే ఉత్తరమువాడు ఆ రాజును పట్టగలడు! నడుమ నున్నది పడమటివాని వంతొక్కటే. అతడు తన పావును అడ్డుపెట్టినచో మిత్రుని రాజు బ్రదుకును. తన దండయాత్రయందే మునిగి అటు చూడకున్నచో మిత్రుని రాజు కూలును. ఇద్దరాటలో చెక్ తగిలిన రాజునకు తప్పక ఒక వంతు లభించును. నలుగురాటలో ఆ అభయము లేదు. కావుననే ఇచ్చట రాజును పట్టుటయే స్పష్టమైన నియమమగుచున్నది.

ఆటకట్టును నిర్ణయించుటయు ఇట్లే కష్టము. తూర్పు రాజునకు దారి లేనట్లు తోచినను, ఆ దారిని మిత్రుడు కల్పింపవచ్చును. రెండు బల్లలపై నలుగురాడు ‘బగ్‌హౌస్’ అను ఆటయందు ఒకడు పట్టిన పావును మిత్రుడు తన బల్లపై నిలుపవచ్చును. కట్టుపడినట్లు కనబడిన రాజు కూడ ఆ పావు రాకతో బయటపడుట కలదు.

జట్టుగా ఆడుటయన్న నెల్లప్పుడు ఇట్లుండదు. 2024లో బుడాపెస్ట్ ఒలింపియాడ్‌లో మన పురుషుల జట్టును, మహిళల జట్టును స్వర్ణములు గెలిచెను. గుంటూరు వారగు పెంటేల హరికృష్ణ, ద్రోణవల్లి హారిక ఆ జట్లలోనివారు. అచ్చట ఎవరి బల్ల వారిదే. ఆట నడచుచుండగా ఒకరి రాజును వేరొకరు కాపాడలేరు. ఒకే బల్లపై నలుగురాడునప్పుడు మాత్రము మిత్రుని రాజు మన కాపుదలలోనిదే.

విద్యార్థులారా! మీరీ ఆట ఆడదలచినచో మొదటి పావు కదలకముందే మూడు సంగతులు నిర్ణయించుకొనుడు. రాజును పట్టవలెనా, ఆటకట్టు చాలునా? ఒక రాజు పోగానే జట్టు ఓడునా, మిత్రుడు ఆడవచ్చునా? రాజు పోయినవాని పావులు ఏమగును? ఈ మూడవ ప్రశ్నకు సంబంధించి ప్రాచీనుల పద్ధతి ఒకటి కలదు: రాజు మిత్రుని సింహాసనపు గడి నెక్కినచో ఉభయ సేనలకు అతడే నాయకుడగును. ముందే ఒప్పుకొనిన నియమము కలహమును ఆపును; ఓటమి కనబడిన పిదప చెప్పు నియమమును ఎవరును నమ్మరు.

అల్‌బిరూనీ చెప్పిన లెక్క యొకటి కలదు. ముగ్గురు రాజులను పట్టినవాడు తన రాజును కోలుపోయి యున్నచో వానికి 15 పాళ్లు. తన రాజును నిలుపుకొని పట్టినచో 54. పట్టుటకంటె కాపాడుటకే పెద్దలు ఎక్కువ వెల కట్టిరి. జట్టాటలో కాపాడవలసిన రాజు ఒక్కడు కాడు, ఇద్దరు.