హోప్ ఐలాండ్‌కి వెళ్ళే ముందు

తాళ్ళరేవు

సంధ్యా,

సంక్రాంతికి నీ హైదరాబాదు స్నేహితుల్ని వెంటబెట్టుకొస్తున్నావనీ, పండగయ్యాక అందరూ హోప్ ఐలాండ్ చూడాలనుకుంటున్నారనీ మీ అమ్మ చెప్పింది. కనుమ నాడు ప్రయాణం వద్దని ముక్కనుమకి పెట్టుకున్నారట, బాగుంది. రాత్రి అక్కడే ఇసకలో చలిమంట వేసుకుని పడుకుంటామన్నారట. అది మాత్రం కుదరదమ్మా. ఫోనులో చెబితే సగం విని "సరే మావయ్యా" అంటావు, అందుకని ఉత్తరం రాస్తున్నాను. పూర్తిగా చదివి నీ వాళ్ళకీ చదివి వినిపించు.

ఆ దీవి కోరంగి అభయారణ్యంలో భాగం. 1978లో ప్రకటించిన ఈ అభయారణ్యం 235 చదరపు కిలోమీటర్ల పైమాటే. అందులో అడుగు పెట్టాలంటే అటవీ శాఖ అనుమతి ఉండాలి. లోపల నిప్పు రాజెయ్యడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. చట్టం సంగతి అలా ఉంచు. కాపలా వాడు చూడకపోయినా మీరు ఆ రాత్రి అక్కడ ఉండకూడదని నేనంటాను. ఎందుకంటే జనవరి నుంచి మార్చి దాకా ఆ ఇసక ఆలివ్ రిడ్లే తాబేళ్ళది.

పురిటికి ఆడపిల్ల పుట్టింటికి వచ్చినట్టు, ఎక్కడెక్కడి సముద్రాలో తిరిగిన ఆడ తాబేలు తాను పుట్టిన తీరప్రాంతానికే గుడ్లు పెట్టడానికి వస్తుంది. వచ్చేది ఎక్కువగా రాత్రిపూటే. నీళ్ళలో అంత చురుగ్గా ఈదే ప్రాణి ఇసక మీదికొచ్చేసరికి బరువుగా ఈడ్చుకుంటూ నడుస్తుంది. అలల తడి తగలని చోటు చూసుకుని, వెనక కాళ్ళతో గుంట తవ్వి, వంద గుడ్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పెడుతుంది. మళ్ళీ ఇసక కప్పి, ఒంటితో అణిచి, సముద్రంలోకి వెళ్ళిపోతుంది. పిల్లల్ని చూసుకోవడానికి తిరిగి రాదు. నలభై అయిదు నుంచి అరవై రోజులు ఆ గుడ్లను పొదిగేది ఇసకలోని వేడే. లోపలున్నది ఆడదా మగదా అన్నది కూడా ఆ వేడే తేలుస్తుంది. ఇసక వెచ్చగా ఉంటే ఆడపిల్లలు, కాస్త చల్లగా ఉంటే మగపిల్లలు.

ఇప్పుడు మీ చలిమంట సంగతి ఆలోచించు. ఒడ్డుకు రాబోతున్న తల్లి వెలుగునూ మనుషుల అలికిడినీ పసిగట్టిందంటే గుడ్లు పెట్టకుండానే వెనక్కి తిరిగిపోవచ్చు. ఇసకలోంచి బయటపడ్డ పిల్లలైతే ఎటు వెలుతురుంటే అటే పాకుతాయి. చీకటి తీరంలో ఆ వెలుతురు సముద్రం మీదిది, కాబట్టి నీళ్ళకి చేరతాయి. మంటో, టార్చిలైటో, సెల్‌ఫోను దీపమో కనిపిస్తే దారి తప్పి అటు వెళతాయి. తెల్లారేసరికి కాకులు, నక్కలు కాచుకుని ఉంటాయి. అసలే వాటికి గండాలు తక్కువేం కాదు. తాబేలు గాలి పీల్చి బతికే ప్రాణి. ట్రాలరు వలలో చిక్కుకుని పైకి రాలేకపోతే నీళ్ళలోనే ఊపిరాడక చచ్చిపోతుంది. ఈ కాలంలో కాకినాడ, ఉప్పాడ ఒడ్లకి కొట్టుకొచ్చే కళేబరాల్ని చూస్తే కడుపు తరుక్కుపోతుంది. అటవీ శాఖ వాళ్ళు గుడ్లు ఏరి, కంచె కట్టి కాపాడి, పిల్లల్ని సముద్రంలో వదులుతున్నారు. ఇంతమంది ఇంత పాటుపడుతున్న చోట మన సరదా ఒక్క రాత్రికైనా అడ్డు రాకూడదు.

దీవి మనకి చేసే మేలు కూడా నీ స్నేహితులకి చెప్పు. రెండు వందల ఏళ్ళ కిందట ఇప్పుడున్న రూపంలో అది లేనేలేదు. గోదావరి మోసుకొచ్చిన ఇసకని అలలు తోసి తోసి పదహారు కిలోమీటర్ల పొడవునా పేర్చాయి. ఇవాళ కాకినాడ రేవు ముందు సముద్రం అంత నిమ్మళంగా ఉందంటే, అవతల బంగాళాఖాతం దెబ్బ కాసేది ఈ దిబ్బే. ఆ దెబ్బ ఎలాంటిదో చెబుతాను విను. 1839 నవంబరులో ఉప్పెన వచ్చినప్పుడు కోరంగి పెద్ద రేవు. ఓడలు కట్టే ఊరు, బర్మా దాకా పేరున్న ఊరు. ఆ నీటి గోడకి ఊరూ ఓడలూ కొట్టుకుపోయాయి, రేవు మళ్ళీ ఆ దశకి రాలేదు. 1996 నవంబరు 6 నాటి తుపాను కోనసీమని ఏం చేసిందో మీ అమ్మనడుగు, అప్పటికి తనకి బాగా ఊహ తెలుసు. దిబ్బ, దాని వెనక మడ అడవి, ఈ రెండే మన ఊళ్ళకి ముందు వరస. ఎగువన ఆనకట్టల్లో ఒండ్రు ఆగిపోయి నది తెచ్చే ఇసకే తగ్గిపోతోంది. ఉప్పాడ దగ్గర సముద్రం ఇళ్ళనీ రోడ్డునీ కోసుకుపోవడం నువ్వూ చూశావు. ఇలాంటప్పుడు ఆ దీవి మీద కాటేజీలు కడితే బాగుంటుందనేవాళ్ళ మాట నేను చచ్చినా ఒప్పుకోను.

వెళ్ళే పద్ధతి చెబుతాను. కాకినాడ నుంచి అనుమతి ఉన్న బోటు నడుస్తుంటేనే ఎక్కండి. ఒక్కోసారి ఆపేస్తారు. అప్పుడు రేవులో ఎవరైనా "నేను దింపుతాను రండి" అన్నా చేపల పడవ ఎక్కొద్దు. అతను సముద్రం తెలిసినవాడే, కానీ ఆ పడవ వలలకీ చేపలకీ కట్టింది, ఈత రాని పదిమంది జనానికి కాదు. 2019 సెప్టెంబరు 15న పాపికొండల దారిలో, కచ్చులూరు దగ్గర వరద గోదావరిలో బోటు మునిగి యాభై మంది దాకా పోయారు. వాళ్ళూ మీలాగే సరదాగా బయల్దేరినవాళ్ళే. లైఫ్ జాకెట్ సీటు మీద పెట్టుకునేది కాదు, రేవు వదలక ముందే తొడుక్కుని తాళ్ళు బిగించుకోవాలి. ఫొటో కోసం అందరూ ఒక పక్కకి చేరకండి. పొద్దున్నే వెళ్ళి, మధ్యాహ్నం గాలి లేచేలోగా తిరుగు దారి పట్టండి. సరంగు "ఇక చాలు, ఎక్కండి" అంటే మారు మాట్లాడకూడదు. పోటు తీసేస్తే బోటు బురదలో కూచుంటుందని అతనికి తెలుసు. దీవి మీద కొద్దిపాటి మత్స్యకార కుటుంబాలున్నాయి, అడక్కుండా వాళ్ళ గుడిసెలకీ పిల్లలకీ ఫొటోలు తియ్యకండి.

బోటు దొరకలేదా, దిగులు పడకు. యానాం రోడ్డులో కోరంగి దగ్గర మడ అడవిలోకి చెక్క బాట వేశారు. నన్నడిగితే అసలు ముందు చూడాల్సింది అదే. ఆటు సమయంలో రండి, నీళ్ళు దిగి బురద బయటపడితేనే ఆ అడవి కనిపిస్తుంది. తెల్లమడ, నల్లమడ చెట్ల చుట్టూ నేలలోంచి నిటారుగా పొడుచుకొచ్చిన వేళ్ళుంటాయి. గాలాడని బురదలో చెట్టు వాటితోనే ఊపిరి పీలుస్తుంది. ఎర్రటి డెక్కతో పీతలూ, బురద మీద గెంతే చేపలూ కనిపిస్తాయి. అదృష్టం బాగుంటే నీటికుక్కల గుంపు కూడా. బావురుపిల్లి ఉందిగానీ రాత్రి తిరిగేది, దాని కోసం వెతకొద్దు. తిల్ల చెట్టు కొమ్మ మాత్రం విరవనీయకు. దాని పాలు కంట్లో పడితే కళ్ళకి ప్రమాదం. దారిలో చొల్లంగి దగ్గర ఆగండి. పుష్య అమావాస్యకి సప్తసాగర యాత్ర చేసేవాళ్ళు మొదటి స్నానం చేసేది అక్కడే, చివరికి అంతర్వేదిలో ముగిస్తారు.

తినుబండారాల కవర్లు, సీసాలు ఎన్ని తీసుకెళ్ళారో అన్నీ తిరిగి తెచ్చెయ్యాలి. రాత్రి పడకలు మా ఇంటి డాబా మీద వేయిస్తాను, మంటా ఇక్కడే వేసుకుందురుగాని. మొత్తం ఎంతమంది వస్తున్నారో, వాళ్ళలో ఈత రానివాళ్ళెవరో వెంటనే రాయి. భోగికి ముందే కాకినాడ వెళ్ళి బోటు ఉందో లేదో, అందరికీ సరిపడా జాకెట్లు ఉన్నాయో లేదో నేనే కనుక్కుంటాను.

ఇట్లు,
మీ మావయ్య