స్వబాధ్యత

మనుష్యునకు ఇల్లు, పొలము, ధనము ఉండవచ్చును, ఉండకపోవచ్చును. ఇవేవియు లేనివానికిని ఒక సొత్తు కలదు. అది తన నిర్ణయము. నిర్ణయము ఎవరిదో దాని ఫలితమును మోయవలసిన భారమును వారిదే. దీనినే స్వబాధ్యత యందురు. ఈ గుణము ఎంతవరకు పోవలెనో, ఎచ్చట ఆగవలెనో కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతముల అనుభవము చక్కగా తెలుపుచున్నది.

కామారెడ్డి 2016 అక్టోబరు 11వ తేదీన నిజామాబాదు జిల్లానుండి విడివడి జిల్లా కేంద్రమైనది. 2023 నవంబరు 30న జరిగిన శాసనసభ ఎన్నికలలో ఈ నియోజకవర్గము దేశప్రజల దృష్టి నాకర్షించెను. నాటి ముఖ్యమంత్రి కె. చంద్రశేఖరరావును, ఆ డిసెంబరు 7న ముఖ్యమంత్రి పదవి చేపట్టిన ఎ. రేవంత్ రెడ్డియు ఇచ్చట పోటీచేసిరి. డిసెంబరు 3న ఓట్లు లెక్కింపగా వారిరువురును గాక, స్థానికుడైన కాటిపల్లి వెంకటరమణారెడ్డి గెలుపొందెను. ఏ పక్షము మేలైనదను చర్చ ఇచ్చట అప్రస్తుతము. గమనింపవలసిన దొక్కటే. పేరు ఎంత పెద్దదైనను, ఓటు వేయువాడు దానిని తన మనస్సులో తూచుకొనియే మీట నొక్కును. ఆ క్షణమున తండ్రియు, కులపెద్దయు, అప్పిచ్చిన సాహుకారును ప్రక్కన నుండరు. ఆ రహస్యమును చట్టము కాపాడుచున్నది. అభ్యర్థులలో ఎవరును నచ్చనిచో ఆ మాట తెలుపుటకు 2013 నుండి ‘నోటా’ మీటయు కలదు. కావున “అందరును చెప్పిరి, నేనును వేసితిని” అని పిదప తప్పించుకొనుట చెల్లదు.

ఓటు వేయువారికి వలెనే ఓటు అడుగువారికిని ఈ గుణము కావలెను. ఇందులకు ఎల్లారెడ్డి నియోజకవర్గమునకు ప్రాతినిధ్యము వహించిన జె. ఈశ్వరీబాయి చక్కని ఉదాహరణము. ఆమె 1918లో సికిందరాబాదులో ఒక దళిత కుటుంబమున జన్మించెను. వివాహానంతరము కొంతకాలమునకు కుమార్తెతో సికిందరాబాదునకు తిరిగి వచ్చి, ఉపాధ్యాయినిగా పనిచేసి, తన కాళ్లపై తాను నిలిచెను. పిదప ప్రజాసేవలో ప్రవేశించి 1967లోను, 1972లోను ఎల్లారెడ్డినుండి శాసనసభకు ఎన్నికయ్యెను. ఆమె చేరిన రిపబ్లికన్ పార్టీ రాష్ట్రమున బలమైనది కాదు. అయినను సంఖ్యాబలము లేదని ఆమె మౌనము వహింపలేదు. దళితుల పక్షమునను, స్త్రీల పక్షమునను సభలో నిర్భయముగా మాట్లాడెను. 1991లో పరమపదించువరకు తన అభిప్రాయమును ఇతరుల నీడలో దాచుకొనలేదు.

అయితే స్వబాధ్యత యను మాటను కొందరు వక్రముగా వాడుదురు. వానలు లేక పంట ఎండిన రైతును చూచి “నీ తెలివితక్కువతనమే” యందురు. దిగులుతో నిద్రపట్టనివానిని చూచి “నీ మనస్సు నీ చేతిలోనే యున్నది గదా” యందురు. ఇది న్యాయము కాదు. బాధ్యత అద్దము వంటిది. అది తన ముఖము తాను చూచుకొనుటకే గాని, ఎదుటివాని నెత్తిన కొట్టుటకు కాదు.

ఈ ప్రాంతమునుండి ఎందరో బ్రతుకుతెరువునకై గల్ఫు దేశములకు పోవుచున్నారు. అప్పు తీర్చవలెను, చెల్లెలి పెండ్లి చేయవలెను అను బాధ్యతయే వారిని సముద్రము దాటించుచున్నది. ఇంటినుండి ఫోను వచ్చినపుడు, ఒంటరితనముతో కుమిలిపోవుచున్నవాడును “నేను బాగున్నాను” అనియే చెప్పును. తన బరువు తానే మోయవలెనని వాని తలంపు. తలంపు గొప్పదే; కాని చెప్పుకొనని దుఃఖము తగ్గదు, పెరుగును.

ఎల్లారెడ్డికి సమీపమున మంజీరానదిపై నిజాంసాగరు ఆనకట్ట కలదు. 1923లో ఆరంభమైన ఆ నిర్మాణము 1931లో పూర్తియైనది. నీటిని నిలుపుటయే దాని పని. అయినను వరద మిక్కుటమైనపుడు తలుపులెత్తి నీటిని వదలుదురు. తలుపులు తెరచుట ఆనకట్టకు అవమానమా? కాదు, కట్ట నిలుచుటకు అదియే మార్గము. మనస్సును అట్టిదే. జ్వరము వచ్చినచో వైద్యుని యొద్దకు పోవుట ఎట్లు సహజమో, విడువని దిగులు, భయము కలిగినచో ఇతరుల సాయము కోరుటయు అట్లే సహజము. 2017లో చేయబడిన మానసిక ఆరోగ్యరక్షణ చట్టము ఈ చికిత్సను పౌరుల హక్కుగా గుర్తించినది. 2022 అక్టోబరు 10న ప్రారంభమైన ‘టెలీ మానస్’ అను ప్రభుత్వ సేవకు 14416 సంఖ్యకు ఫోను చేసి, రూకయైన చెల్లింపక, తెలుగులోనే సలహా పొందవచ్చును.

పరీక్షలో తప్పిన విద్యార్థి “ప్రశ్నలు కఠినము” అని నెపము వెదకుట బాధ్యత కాదు. “నా బ్రతుకింతే” యని గదిలో ముడుచుకొని కూర్చుండుటయు బాధ్యత కాదు. “నేను సరిగా చదువలేదు, ఇప్పుడు నాకు తోడు కావలెను” అని తల్లితోనో, గురువుతోనో, స్నేహితునితోనో పలుకుటయే బాధ్యత. ఆ మాట విన్నవారికిని ఒక ధర్మము కలదు. నవ్వక, కోపింపక, వాడు చెప్పునది ముగియువరకు వినవలెను. నిర్ణయము ఒక్కరిదే కావచ్చును. దుఃఖము మాత్రము ఒక్కరిదిగా మిగులరాదు.