మిద్దె కంటే ముందు మీటరు

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ మున్సిపల్ భవనాల మీద ఎన్ని కిలోవాట్ల సోలార్ పెట్టాలో తేలాలంటే ముందు కరెంటు బిల్లులు చూడాలి. నీ ఉత్తరంతో మిద్దెల కొలతలు వచ్చాయి, పన్నెండు నెలల బిల్లులు మాత్రం రాలేదు. బిల్లులు చూడకుండానే కొలతలకు దిగే తొందర నీలాంటి చురుకైన కుర్రవాడికి తగదు.

కిలోవాట్‌కు నీడ పడని జాగా సుమారు 100 చదరపు అడుగులు కావాలి. ఏడాది సగటున రోజుకు 4 యూనిట్ల దాకా వస్తాయి. ఆఫీసు వాడకం పగలే కాబట్టి ఆ కరెంటు అక్కడే ఖర్చవుతుంది. వీధిదీపాలది రాత్రి లెక్క. నీళ్ల మోటార్లే అసలు సంగతి. తెల్లవారుజామున నడిపే మోటారును పొద్దున పది, మధ్యాహ్నం మూడు మధ్య నడిపి ట్యాంకు నింపుకోవచ్చు. దాని మీటరు వేరు గనక ప్యానెళ్లు ఆ పంపుహౌసు దగ్గరే ఉంటే మేలు.

నాగర్‌కర్నూల్ జిల్లా కొండారెడ్డిపల్లిలో ఇళ్లకు 3 కిలోవాట్ల చొప్పున బిగించారు, 11 ప్రభుత్వ భవనాలకు కలిపి 60 కిలోవాట్లు పెట్టారు. ఇళ్లకు ఒకే లెక్క నడుస్తుంది. బడికీ ఆఫీసుకూ నడవదు.

ఇక నీడ. నేనే ఒకప్పుడు ఒక పాత ఆఫీసు మిద్దె కొలిచాను, అదీ మే మొదటి వారంలో, మిట్టమధ్యాహ్నం. ఆ రోజుల్లో ఇక్కడ సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. దక్షిణం పక్కనున్న ఆరడుగుల నీళ్ల ట్యాంకు నీడ దాని కిందే ముడుచుకుపోయింది. ట్యాంకును ఆనుకుని ప్యానెళ్లు పరిచేశారు. డిసెంబరు వచ్చేసరికి మధ్యాహ్నమే అయిదడుగుల నీడ, పొద్దున తొమ్మిదికి పదడుగులు దాటిన నీడ. వరుసగా కలిపిన ప్యానెళ్లలో ఒకదాని మీద నీడ పడితే ఆ వరుస మొత్తం ఉత్పత్తి తగ్గుతుంది. చలికాలమంతా ఆ మీటరు చూసినప్పుడల్లా ప్రాణం ఉసూరుమనేది. డిసెంబరు దాకా ఆగే వీలు లేకపోతే ఎత్తులు కొలిచి చలికాలపు నీడను లెక్కగట్టాలి.

పాత స్లాబుకు రంధ్రాలు వేయకూడదు. వానాకాలంలో అక్కడే కారుతుంది. ఫ్రేములకు సిమెంటు దిమ్మెల బరువు చాలు, ఆ బరువు స్లాబు మోస్తుందని ఇంజనీరు చెప్పాక.

నెట్ మీటరుకు డిస్కం అనుమతి పని మొదలుకాక ముందే తీసుకోవాలి. దుమ్ము కడిగే పని ఎవరిదో కూడా అప్పుడే కాగితం మీద రాసుకోవాలి. ఉప్పదనం ఉన్న బోరునీళ్లతో ఎండలో కడిగితే అద్దం మీద తెల్లటి మరకలు కడతాయి. మంచినీళ్లతో, పొద్దెక్కక ముందే కడగాలి.