బాడీ ముందు పోతుంది

పోర్ట్ బ్లెయిర్‌లో బస్సుల పనికి కొత్తగా వచ్చిన మా శ్రీకాకుళం కుర్రాళ్లు అడుగుతుంటారు, "బండి ఎన్నాళ్లు నడుస్తుంది మావయ్యా?" అని. ఇంజన్‌ది ఒక లెక్క, బాడీది ఒక లెక్క. ఈ దీవుల్లో బాడీ లెక్కే నెగ్గుతుంది. అందుకే ఈ నాలుగు మాటలు.

1. తుప్పుని చెవితో పట్టుకోండి. బండి కింద దూరి, చిన్న సుత్తితో ఫ్లోరు అడ్డ చానెళ్లని కొట్టుకుంటూ పోండి. మంచి ఇనుము ఖంగుమంటుంది. తిన్నచోట మొద్దుగా పలికి, పెచ్చులు మొహం మీద రాలతాయి. కిటికీ రబ్బరు బీడింగు లోపల, మడ్‌గార్డు మడతలో కూడా చూడాలి. ఊరికే పైన రంగు కొడితే నెలల్లో పొంగుతుంది. గీకి, రెడ్ ఆక్సైడ్ పూసి, బాగా ఆరనివ్వాలి. ఇక్కడ ఏడాదికి 3,000 మిల్లీమీటర్ల వాన. ఆరే ఎండ జనవరి నుంచి ఏప్రిల్ దాకానే, ప్యాచ్ పనులన్నీ అప్పుడే పెట్టుకోండి.

2. కడిగేది కిందినుంచి. మిడిల్ స్ట్రెయిట్‌లో బండి ఫెర్రీ ఎక్కి బారాటాంగ్ దీవికి దాటేటప్పుడు ఉప్పునీళ్లు చక్రాల్లోకి పోతాయి. 2004 సునామీకి నేల కుంగాక సిప్పీఘాట్ పొలాల్లోకీ సముద్రం వచ్చేసింది. ఎండాకాలం ధనికరి డ్యామ్ అడుగంటి ఊరికే నీళ్లు లేనప్పుడు బండికి నీళ్లంటే తిట్టిపోస్తారు. తిట్టనివ్వండి, చక్రాలకైనా రెండు బకెట్లు పోయండి. బ్రేక్ డ్రమ్ములు చల్లారాకే సుమా, వేడి మీద పోస్తే పగుళ్లిస్తాయి.

3. పచ్చి చెక్కతో బాడీ కట్టకండి. ఎందుకో ఈ పాత సంగతి వినండి. జపాన్ సైన్యం ఇక్కడ దిగిన 1942లోనే ఇంగ్లండులో యుద్ధకాలపు డబుల్ డెక్కర్లు తయారవడం మొదలైంది. అల్యూమినియం అంతా విమానాలకి పోయింది. బస్సుకి ఇనుప రేకు, ఆరని చెక్క ఫ్రేము మిగిలాయి. చెక్క పట్టీల సీట్లు వేశారు, తెరుచుకునే కిటికీలు నామమాత్రం. లండన్ ఒక్కదానికే గై కంపెనీవి 435 వచ్చాయి. యుద్ధం ముగిసిన కొన్నేళ్లకే చాలావాటి ఫ్రేములు కుళ్లాయి. అయితే కింది చాసిస్, గార్డినర్ డీజిల్ ఇంజన్ చెక్కుచెదరలేదు. ఎడింబరో నగరం అలాంటివి 60 కొని, కొత్త బాడీలు కట్టించి మళ్లీ రోడ్డెక్కించింది. చేసిన పని తెలివైనదే, కానీ రెండుసార్లు ఖర్చు. 1883 నుంచి కలప కోస్తున్న మన ఛాతమ్ మిల్లు పనివాళ్లని అడగండి, పడాక్ కలపైనా ఆరబెట్టందే వాడొద్దంటారు.

4. జిర్కాటాంగ్ గేటు దగ్గర కాన్వాయ్ కోసం ఆగిన టైములో టీకి పరుగెత్తకండి. ముందు ఫ్యాన్ బెల్టు, రేడియేటర్ హోసు, టైర్లు చూడండి. గేటు లోపల జారవా ఆదివాసుల అడవి. ఆగకూడదు, ఫొటోలు తీయకూడదు. "జారవాలు కనిపిస్తారా?" అని ప్రయాణికులు అడుగుతారు. ఆ సరదా నాకు నచ్చదు, జవాబు చెప్పకుండా బండి నడపండి.

ఇంకొకటి, స్పేర్లన్నీ చెన్నై నుంచో వైజాగ్ నుంచో ఓడలో రావాలి. సముద్రం బాగోకపోతే రావు. బండి కండెమ్ అయిందని కాగితం మీద సంతకం పడ్డాక, పనికొచ్చే స్ప్రింగు పట్టాలు, స్టార్టర్ మోటారు అనుమతి తీసుకుని విప్పండి. గ్రీజు పూసి గోనెపట్టాలో చుట్టి, ఏ బండివో సుద్దతో రాసి అటకెక్కించండి.