తల్లికి తెలిసినది ఇంట్లో మరొకరికీ తెలియాలి



కూర్చోలేని, నడవలేని, మాట రాని, మింగడమే కష్టమైన బిడ్డను పెంచే ఇళ్ళలో తరచుగా ఒక మాట వినిపిస్తుంది: "వాళ్ళమ్మ పెడితే తప్ప తినడు." ఇది తల్లి ఓపికకు గుర్తే. కాని ఇందులో ఒక ప్రమాదం కూడా ఉంది. తల్లికి జ్వరం వచ్చినా, ఆపరేషన్ జరిగినా, పుట్టింట్లో కష్టం వచ్చి వెళ్ళవలసి వచ్చినా ఆ పూట బిడ్డకు అన్నం ఎవరు పెడతారు? తెలియనివారు తొందరలో పెట్టిన ముద్ద ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. అందుచేత ఈ పాఠం తల్లికి మాత్రమే కాదు. తండ్రి, నాయనమ్మ, అమ్మమ్మ, మేనత్త, పెద్ద పిల్లలు అందరూ చదవాలి, చదువు రానివారికి చదివి వినిపించాలి.

సెరిబ్రల్ పాల్సీ అంటే ఏమిటి?

ఎదిగే మెదడుకు దెబ్బ తగిలి కండరాల మీద అదుపు లేకపోవడమే సెరిబ్రల్ పాల్సీ. గర్భంలో ఉండగా గాని, కాన్పు సమయంలో గాని, పుట్టిన తరువాత పసితనంలో గాని ఈ దెబ్బ తగలవచ్చు. నెలలు నిండకుండా పుట్టడం, పుట్టగానే ఊపిరి అందకపోవడం, పసికామెర్లు బాగా ముదరడం, మెదడువాపు వంటివి కొన్ని కారణాలు. తల్లి గ్రహణం చూసినందువల్ల గాని, ఎవరో చేసిన పాపంవల్ల గాని ఇది రాదు. ఇది అంటువ్యాధి కాదు.

మెదడుకు తగిలిన దెబ్బ రోజురోజుకు పెరగదు. కాని కీళ్ళు బిగుసుకుపోవడం, నెమ్ము, పుండ్లు, మలబద్ధకం వంటి కొత్త బాధలు తోడవుతాయి. ఇంట్లో జాగ్రత్తగా చూసుకుంటే వీటిని చాలావరకు తగ్గించవచ్చు.

తినిపించడం

మన ఇళ్ళలో పసిబిడ్డను కాళ్ళ మీద వెల్లకిలా పడుకోబెట్టి ఉగ్గు పోయడం అలవాటు. మింగలేని బిడ్డకు ఇలా ఎన్నడూ పోయవద్దు. ముక్కు మూసి మింగించవద్దు.

1. బిడ్డను నిటారుగా కూర్చోబెట్టండి. తల వెనక్కి వాలకుండా, గడ్డం కొంచెం కిందికి ఉండేలా పట్టుకోండి.

2. చిన్న చెంచాతో కొద్దికొద్దిగా పెట్టండి. మొదటిది మింగిన తరువాతనే రెండోది.

3. మెత్తగా, గట్టి జావలా ఉన్న ఆహారం చాలామంది పిల్లలకు సులువు. పప్పు, నెయ్యి వేసి మెత్తగా మెదిపిన అన్నం, రాగి జావ, మెదిపిన అరటిపండు మంచివి. నీళ్ళవంటి పలుచనివి త్వరగా జారి శ్వాసనాళంలోకి పోవచ్చు. మీ బిడ్డకు ఎంత చిక్కగా ఇవ్వాలో డాక్టరును గాని, థెరపిస్టును గాని అడగండి.

4. ఏడుస్తున్నప్పుడు, నిద్రమత్తులో ఉన్నప్పుడు పెట్టవద్దు.

5. తిన్న తరువాత కనీసం అరగంట కూర్చోబెట్టే ఉంచండి. తరువాత పళ్ళు, చిగుళ్ళు శుభ్రం చేయండి. నోటిలోని మురికి ఊపిరితిత్తుల్లోకి చేరితే నెమ్ముకు దారి తీస్తుంది.

తినేటప్పుడు దగ్గడం, కళ్ళలో నీళ్ళు రావడం, గొంతులో గురగుర శబ్దం, తరచూ నెమ్ము రావడం ఇవన్నీ ఆహారం తప్పుదారిలో పోతున్నదనడానికి గుర్తులు. కొందరు పిల్లలకు దగ్గు కూడా రాదు. ఒక్క పూట తినిపించడానికి అరగంట దాటుతున్నా, బరువు పెరగకపోయినా డాక్టరుకు చెప్పండి. ముక్కు గొట్టం గాని, పొట్టకు గొట్టం గాని వేయవలసి వస్తే అది మీ ఓటమి కాదు, బిడ్డకు బలం.

ముక్కు గొట్టం ఉన్న బిడ్డకు పాలు పోసే ముందు, గొట్టం మీద గుర్తు ముక్కు దగ్గరే ఉన్నదా అని చూసి, నర్సు నేర్పిన పద్ధతిలో పరీక్షించండి. తల, ఛాతీ ఎత్తుగా ఉంచండి. గొట్టం జరిగినా, ఊడినా ఏమీ పోయవద్దు. మీకు మీరుగా లోపలికి తోయవద్దు. ఆసుపత్రికి తీసుకురండి.

పడుకోబెట్టడం, ఎత్తుకోవడం

బిడ్డను రోజంతా ఒకే వైపు ఉంచవద్దు. సుమారు 2 గంటలకు ఒకసారి పక్క మార్చండి. కాళ్ళు కత్తెరలా ముడుచుకుపోతుంటే మధ్యలో చుట్టిన దుప్పటి పెట్టండి. స్నానం చేయించేటప్పుడు తల వెనుక, నడుము కింద, తుంటి, మడమలు చూడండి. నొక్కి వదిలినా ఎరుపు పోకపోతే అక్కడ బరువు పడనివ్వకండి, ఆ చోట రుద్దవద్దు.

బిడ్డ పెరిగేకొద్దీ ఎత్తడం బరువవుతుంది. మోకాళ్ళు వంచి, బిడ్డను ఒంటికి దగ్గరగా పట్టుకొని ఎత్తండి. వీలైనంతవరకు ఇద్దరు కలిసి ఎత్తండి. "ఇది ఆడవాళ్ళ పని" అని తండ్రి పక్కకు తప్పుకుంటే చివరకు తల్లి నడుము పోతుంది.

ఫిట్స్ వచ్చినప్పుడు

బిడ్డను ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టండి. బట్టలు వదులు చేయండి. గడియారం చూడండి. నోట్లో చెంచా, గుడ్డ, నీళ్ళు ఏదీ పెట్టవద్దు. చేతిలో తాళాల గుత్తి పెట్టడంవల్ల ఫిట్స్ ఆగవు. డాక్టరు అత్యవసర మందు రాసి ఇచ్చి ఉంటే వారు చెప్పినట్లు వాడండి. ఫిట్స్ మందు ఒక్క పూట కూడా మానవద్దు. అయిపోవడానికి వారం ముందే కొనండి.

మాట రాని బిడ్డ బాధ

బిడ్డ ఊరికే ఏడవడు. పంటి నొప్పి, చెవి నొప్పి, మలబద్ధకం, తుంటి కీలు జరగడం, దాహం వీటిలో ఏదైనా కావచ్చు. ముఖం చిట్లించడం, ఒళ్ళు బిగించడం, తిండి మానడం బిడ్డ భాషే. ఆ భాష తల్లికి వచ్చు. దానిని మిగతావారికి కూడా నేర్పాలి.

నేర్పే పద్ధతి

ఒక నోటుపుస్తకం పెట్టండి. మొదటి పేజీలో జబ్బు పేరు, బరువు, మందుల పేర్లు, మోతాదు, వేళలు, పడని మందులు రాయండి. రెండో పేజీలో తిండి ఎంత చిక్కగా, ఎలా కూర్చోబెట్టి పెట్టాలో రాయండి. మూడో పేజీలో ఫిట్స్ ఎలా వస్తాయో, నొప్పి వస్తే ఏం చేస్తాడో రాయండి. దానిని అందరికీ కనబడే చోట ఉంచండి.

తరువాత ఇంట్లో ఒకరిని ఎంచుకోండి. మొదట కొన్ని రోజులు వారు మీ పక్కన కూర్చుని చూడాలి. తరువాత వారు చేస్తుంటే మీరు చూడాలి. చేయి కుదిరిన తరువాత మీరు పక్కగదిలో ఉండండి. మొదట్లో బిడ్డ కొంచెం తక్కువ తినవచ్చు. కంగారుపడి మధ్యలో లాక్కోవద్దు. బిడ్డకు దగ్గు వచ్చినా, ఊపిరి ఇబ్బంది కనిపించినా వెంటనే ఆపాలి.

ఇలా వారానికి ఒక పూటైనా తల్లికి నిద్ర, విశ్రాంతి దొరకాలి. అలసిపోయిన చేతులు మోతాదు తప్పుతాయి. విశ్రాంతి కోరుకోవడం స్వార్థం కాదు.

ఇతర సహాయం

2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద జిల్లా సత్వర చికిత్సా కేంద్రాలు ఏర్పడ్డాయి. 2016 వికలాంగుల హక్కుల చట్టం సెరిబ్రల్ పాల్సీని గుర్తించింది. వైకల్య ధ్రువపత్రం, యూడీఐడీ కార్డు తీసుకోండి. నేషనల్ ట్రస్టువారి నిరామయ బీమా గురించి కూడా అడగండి. బిడ్డకు 18 ఏళ్ళు నిండే సమయానికి, చట్టపరమైన సంరక్షకుల గురించి కలెక్టరు అధ్యక్షతన ఉండే స్థానిక కమిటీని సంప్రదించండి.

వెంటనే 108కి ఫోను చేయవలసినవి

– ఫిట్స్ 5 నిమిషాలు దాటినా, తెలివి రాకముందే మళ్ళీ వచ్చినా
– పెదవులు నీలంగా మారినా, డొక్కలు ఎగరేస్తూ ఊపిరి తీసుకుంటున్నా
– పిలిచినా, కదిపినా పలకకపోయినా

జ్వరంతో దగ్గు ఉన్నా, రోజంతా మూత్రం చాలా తక్కువగా వచ్చినా, ఏమీ తాగకపోయినా అదే రోజు ఆసుపత్రికి తీసుకురండి.

ఈ వారం మీరు చేయవలసిన పని ఒక్కటే. ఇంట్లో రెండో మనిషి ఎవరో నిర్ణయించండి. ఈసారి ఆసుపత్రికి వచ్చేటప్పుడు వారిని కూడా వెంట తీసుకురండి. తినిపించే పద్ధతి నర్సు వారికి కూడా చూపిస్తుంది.