పడిపోయిన బ్రేకర్‌ను ఎత్తే ముందు

శనివారం సాయంత్రం ఆరున్నర. కోకాపేటలో ఓ గేటెడ్ కమ్యూనిటీ ఈతకొలను. పిల్లలు ఇంకా నీళ్లలోనే ఉన్నారు. కొలను గోడలకు బిగించిన లైట్లు ఉన్నట్టుండి ఆరిపోయాయి. పంపు రూములో బ్రేకర్ పడిపోయింది. వాచ్‌మన్ వెళ్లి ఎత్తాడు. వెలిగాయి, ఆరిపోయాయి. మళ్లీ ఎత్తాడు. "గట్టిగా నొక్కన్నా, ఉంటది" అని పక్కనున్నాయన సలహా. ఇంతలో కమిటీ వాట్సాప్ గ్రూపులో వాదన మొదలైంది. పోయిన నెల లైట్లు మార్చినవాడిదే తప్పని ఒకరు, బిల్డరుదని ఇంకొకరు, లోడు ఎక్కువైందని మరొకరు.

ఇంతమందిలో ఎవరూ అడగని ప్రశ్న ఒకటుంది: "ఎప్పుడు పడింది?" స్విచ్ వేసిన క్షణంలోనా, పది నిమిషాలు వెలిగాకా, వాన కురిసిన రోజునా? "ఎవరు చేశారు" అని అడగడం మనకు పుట్టుకతోనే వస్తుంది. "ఎప్పుడు, ఏ పరిస్థితిలో జరిగింది" అని అడగడం మాత్రం నేర్చుకోవాలి. ఇబ్బంది ఎదురైనప్పుడు ముందుగా ఏ ప్రశ్న నోటికొస్తుందో దాన్నిబట్టే మనిషి ఎంత ఎదిగాడో తెలుస్తుందని నేను గట్టిగా నమ్ముతాను. ఆ ప్రశ్న మార్చుకోవడానికి కొలను లైట్ల బ్రేకర్ మంచి బడి. అక్కడ తొందరపాటుకు మూల్యం ప్రాణం కూడా కావచ్చు.

అన్నిటికంటే ముందు, నీళ్లలో ఉన్నవాళ్లందరినీ బయటికి రప్పించండి. కారణం తేలేదాకా ఎవరినీ దిగనివ్వకండి. డిస్ట్రిబ్యూషన్ బోర్డులో చెయ్యి పెట్టాల్సింది లైసెన్సున్న ఎలక్ట్రీషియన్. మీ వంతు గమనించడం, అడగడం, రాసిపెట్టడం. ఇవి చిన్న పనులని అనుకోకండి. సగం మరమ్మతు వీటిలోనే ఉంది.

రెండోది, మళ్లీ మళ్లీ ఎత్తకండి. ఓడిపోయినా ప్రయత్నిస్తూనే ఉండమని మనకు ఎంతోమంది చెప్పారు. మంచి మాటే. కానీ ఏమీ మార్చకుండా అదే పని మళ్లీ చేయడం పట్టుదల కిందకు రాదు. బ్రేకర్ పడిందంటే అది తన పని తాను చేసింది. ఎత్తిన ప్రతిసారీ దెబ్బతిన్న తీగలోకి మళ్లీ కరెంటు పంపుతున్నారు. ముందు ఏదో ఒకటి విడదీయాలి, ఆ తర్వాతే ఎత్తాలి. అప్పుడు నిలిచినా, పడినా మీకొక సమాధానం దొరుకుతుంది.

ఇక "ఎప్పుడు" అన్న ప్రశ్నకు వద్దాం. అసలు సారమంతా అక్కడే ఉంది.

స్విచ్ వేసిన క్షణంలోనే పడుతోంది, కానీ పదిసార్లలో ఒకటి రెండుసార్లే. అలాంటప్పుడు ట్రాన్స్‌ఫార్మర్ వైపు చూడాలి. 230 వోల్టులను 12కు దించే ఆ ట్రాన్స్‌ఫార్మర్, ముఖ్యంగా గుండ్రంగా చుట్టిన టొరాయిడల్ రకం, ఆన్ చేసిన తొలి అర సైకిల్‌లో మామూలు కరెంటుకు పది రెట్లకు పైగా లాగగలదు. ఎక్కువ కరెంటుకు పడే మామూలు బ్రేకర్‌ను ఎంసీబీ అంటారు. బీ రకం ఎంసీబీ తన రేటింగుకు 3 నుంచి 5 రెట్ల మధ్య కరెంటు రాగానే పడిపోతుంది. సీ రకానికి ఆ హద్దు 5 నుంచి 10 రెట్లు, డీ రకానికి 10 నుంచి 20. అంటే ట్రాన్స్‌ఫార్మర్ బాగానే ఉంది, బ్రేకరూ బాగానే ఉంది, రెంటికీ జోడీ కుదరలేదంతే. ఇద్దరు మంచి ఉద్యోగుల మధ్య రోజూ గొడవ జరుగుతుంటే చెడ్డవాడెవరని వెతికే మేనేజర్లు ఈ సంగతి ఒకసారి ఆలోచించాలి. చెడ్డవాళ్లెవరూ లేకుండానే గొడవలు వస్తాయి.

వేసిన ప్రతిసారీ తక్షణం పడితే ఎక్కడో షార్ట్ ఉంది. దీని గురించి పెద్దగా చర్చ అక్కర్లేదు.

కాసేపు వెలిగి పడితే? అందరూ "లోడు" అంటారు. ఇక్కడ నోటి లెక్క ఒకటి వేయండి. 18 వాట్ల ఎల్ఈడీ లైట్లు నాలుగు ఉంటే మొత్తం 72 వాట్లు. 12 వోల్టుల వైపు అది 6 ఆంపియర్లు. బ్రేకర్ ఉన్న 230 వోల్టుల వైపు మాత్రం ఒక ఆంపియర్‌లో మూడో వంతు కూడా రాదు. 6 ఆంపియర్ల ఎంసీబీకి అదొక బరువే కాదు. గ్రూపులో గంటసేపు సాగిన వాదనను ఈ చిన్న భాగహారం ఒక్క నిమిషంలో తేల్చేస్తుంది. మరి పడుతున్నది ఎందుకు? అదే ఎంసీబీ మీద ఇంకేదైనా నడుస్తుండవచ్చు. లేదా బ్రేకర్ దగ్గర స్క్రూ వదులై, ఆ అతుకు వేడెక్కి, ఆ వేడికి బ్రేకర్ లోపలి లోహపు పట్టీ వంగుతుండవచ్చు. అభిప్రాయం చెప్పేముందు లెక్క వేసుకునే అలవాటు మనిషికి ఎంత గౌరవం తెస్తుందో ఇలాంటి చోటే తెలుస్తుంది.

ఇదే లెక్కను తిరగేస్తే ఇంకో నిజం బయటపడుతుంది. 300 వీఏ (వోల్ట్-ఆంపియర్ల) ట్రాన్స్‌ఫార్మర్ 12 వోల్టుల వైపు 25 ఆంపియర్లు ఇవ్వగలదు. దాని మీద రెట్టింపు బరువు పెడితే అటువైపు తీగలు 50 ఆంపియర్లతో కాలిపోతుంటాయి. ఇటువైపు మాత్రం రెండున్నర ఆంపియర్లు దాటుతుందంతే. 6 ఆంపియర్ల బ్రేకర్ కదలనైనా కదలదు. అందుకే 12 వోల్టుల వైపు విడిగా ఫ్యూజు ఉండి తీరాలి. తక్కువ వోల్టేజీ కదా అని తేలిగ్గా తీసుకోకూడదు. వోల్టులు తగ్గిన కొద్దీ అదే వెలుతురుకు ఆంపియర్లు పెరుగుతాయి.

ఇప్పుడు పడింది ఎంసీబీనా, ఆర్సీసీబీనా అన్నది చూడండి. ఈ రెంటికీ తేడా చూడకుండా "బ్రేకర్ పడింది" అని ఫోనులో చెప్పడంవల్ల ఎలక్ట్రీషియన్ ఒక పూట వృథాగా తిరుగుతాడు. ఎంసీబీ ఎక్కువ కరెంటుకు పడుతుంది. వెళ్లిన కరెంటు తిరిగి రాకపోతే, అంటే ఎక్కడో భూమిలోకి కారుతుంటే, పడేది ఆర్సీసీబీ. దాని మీద 'టెస్ట్' అన్న బొత్తాం ఉంటుంది.

ఆర్సీసీబీ పడగానే అందరి చూపూ నీళ్ల మీదికి పోతుంది. లైటులోకి నీళ్లు వెళ్లాయంటారు, కొలను ఖాళీ చేయమంటారు. లక్షల లీటర్లు పారబోయించేముందు ఒక్క క్షణం ఆగండి. ఈ ట్రాన్స్‌ఫార్మర్‌లో రెండు చుట్టలకూ మధ్య తీగ సంబంధం లేదు, ఉన్నది అయస్కాంత బంధమే. 12 వోల్టుల వైపు నుంచి నీళ్లలోకి కారిన కరెంటు తిరిగి 12 వోల్టుల చుట్టకే చేరాలి. 230 వైపున్న ఆర్సీసీబీకి ఆ సంగతి తెలియనే తెలియదు. కాబట్టి ఆర్సీసీబీ పడుతోందంటే ముందుగా వెతకాల్సింది నేల మీద: బోర్డు నుంచి ట్రాన్స్‌ఫార్మర్‌కు వచ్చే కేబులు, ట్రాన్స్‌ఫార్మర్ పెట్టె, అందులో చేరిన తేమ, పక్కనే ఉన్న పంపు మోటారు. భయం చూపించిన చోట కాకుండా ఆధారం చూపించిన చోట వెతకగలగడం గొప్ప గుణం. కంపెనీలు నడిపేవాళ్లలోనూ అది అరుదు.

ఆర్సీసీబీ విషయంలో ఇంకో సంగతి మనసులో పెట్టుకోదగ్గది. 30 మిల్లీఆంపియర్ల ఆర్సీసీబీ అందులో సగం, అంటే 15 దాటాక ఎప్పుడైనా పడవచ్చు. పంపు నుంచి కొంత, క్లోరినేటర్ నుంచి కొంత, తడిసిన గార్డెన్ లైటు నుంచి కొంత ముందే కారుతుంటాయి. చివర్లో కొలను లైట్లు వేయగానే హద్దు దాటుతుంది, నింద మొత్తం వాటి మీద పడుతుంది. ఇంట్లో నలుగురూ తలా కాస్త ఖర్చుచేసి, జీతం అయిపోయిన రోజున కూరగాయలు తెచ్చినవాణ్ణి నిలదీసినట్టే. అందుకే ఒక్కో పరికరం ఎంత కారుస్తోందో లీకేజీ క్లాంప్ మీటరుతో విడివిడిగా కొలిపించండి.

వెతికే పద్ధతి సగానికి సగం విడగొట్టడం. కొలత పూర్తయ్యేవరకు నీళ్లలో ఎవరూ ఉండకూడదు. ఎలక్ట్రీషియన్ ముందు 12 వోల్టుల వైపు తీగలు విప్పి బ్రేకర్ ఎత్తుతాడు. ఎంసీబీ నిలిస్తే లోపం లైట్ల వైపుంది, అప్పుడు ఒక్కో లైటూ కలుపుతూ పోవాలి. పడితే ట్రాన్స్‌ఫార్మర్‌ను కూడా విడదీయాలి. అప్పటికీ పడితే ఇక మిగిలింది కేబులే. చాలాచోట్ల ఎంసీబీ ఫేజును మాత్రమే తెంపుతుంది. న్యూట్రల్ ఎర్త్‌కు తగులుతుంటే ఎంసీబీ దించి ఉన్నా ఆర్సీసీబీ పడుతూనే ఉంటుంది, కనుక న్యూట్రల్‌ను కూడా విప్పించాలి. ఆ తర్వాత మెగ్గర్, అంటే తీగల ఇన్సులేషన్‌ను కొలిచే మీటరు. 230 వోల్టుల కేబులుకు 500 వోల్టుల డీసీతో కొలిస్తే కనీసం ఒక మెగోమ్ రావాలి. ఎల్ఈడీలు, వాటికి కరెంటు అందించే డ్రైవర్లు ముందే తీసేయకపోతే ఆ వోల్టేజీకి అవి పాడవుతాయి. వానాకాలంలో పడి ఎండకు నిలిచే బ్రేకర్ అయితే జంక్షన్ బాక్సులు తెరిపించండి. టేపు చుట్టి వదిలేసిన అతుకు దగ్గర పచ్చగా చిలుము పట్టి కనిపిస్తుంది. అక్కడ జెల్‌తోనో రెజిన్‌తోనో నింపిన జాయింటు వేయించాలి.

డాలస్ చుట్టుపక్కల పెరట్లో కొలను ఉన్న తెలుగువాళ్లకూ ఇదే పద్ధతి పనికొస్తుంది. అక్కడ 120 వోల్టులు 12కు దిగుతాయి, లీకేజీ బ్రేకర్ దాదాపు 5 మిల్లీఆంపియర్లకే పడుతుంది. ఆ బ్రేకర్ వెనక ఒక మనిషి ఓర్పు ఉంది. బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో ప్రొఫెసరు చార్లెస్ డాల్జియెల్, కరెంటు పట్టుకున్న మనిషి ఎన్ని మిల్లీఆంపియర్ల దాకా తనంతట తాను చెయ్యి వదిలించుకోగలడో తెలుసుకోవాలనుకున్నారు. స్వచ్ఛందంగా ముందుకొచ్చినవాళ్ల మీద జాగ్రత్తగా కొలిచారు. మగవాళ్లలో అది సగటున 16 దగ్గర తేలింది. ఆ అవగాహనతోనే 1960ల మొదట్లో అక్కడి లీకేజీ బ్రేకర్‌ను రూపొందించారు. అమెరికా విద్యుత్ నియమావళి 1968లో దాన్ని మొట్టమొదట తప్పనిసరి చేసింది ఈతకొలను నీటి అడుగు లైట్లకే. విసిగిపోయి ఆర్సీసీబీని తప్పించి డైరెక్టుగా తీగలు కలిపేయమనే ప్రతి ఒక్కరికీ నేను ఈ చరిత్ర చెబుతాను. దయచేసి ఆ పని ఎవరినీ చేయనివ్వకండి.

6 ఆంపియర్ల ఎంసీబీ తీసి 20 పెట్టమనే సలహాకూ లొంగకండి. 1.5 చదరపు మిల్లీమీటర్ల తీగ వెనక 20 ఆంపియర్ల బ్రేకర్ ఉంటే, ముందు కాలేది తీగ. ట్రాన్స్‌ఫార్మర్ తొలి లాగుడు వల్లే పడుతోందని తేలితే రేటింగు పెంచకుండా రకం మార్చవచ్చు. అది కూడా ఎలక్ట్రీషియన్ లెక్క చూసి చెప్పాకే.

నీళ్ల లోపల 12 వోల్టులకు మించి ఏసీ ఉండకూడదని అంతర్జాతీయ ఐఈసీ ప్రమాణం 60364 కొలనుల భాగంలో ఉంది. డీసీ అయితే 30. కొత్త లైట్లు కొనేటప్పుడు డబ్బా మీద ఈ అంకె చూసుకోండి, నీళ్లలో మునిగినా తట్టుకుంటుందని చెప్పే ఐపీ68 గుర్తు ఉందో లేదో చూసుకోండి.

ఎలక్ట్రీషియన్‌కు ఫోను చేసినప్పుడు "అర్జెంటుగా రా" అని అరవకండి. "ఆర్సీసీబీ పడింది, లైట్లు వేసిన ఇరవై నిమిషాలకు, నిన్న రాత్రి వాన పడింది, పంపు నడుస్తోంది, మళ్లీ ఎత్తలేదు" అని చెప్పండి. అతను సరైన మీటరు పట్టుకొని వస్తాడు. కుర్రాణ్ణి వెంట తెచ్చుకుంటే వాడితోనూ మర్యాదగా మాట్లాడండి, "ఏం చూశావ్ బాబూ" అని అడగండి. జంక్షన్ బాక్సు తెరిచి లోపల చూసేది చాలాసార్లు వాడే.

డబ్బులిచ్చేముందు అంకెలు అడిగి తీసుకోండి: మెగ్గర్ రీడింగు ఎంత, ఒక్కో పరికరం లీకేజీ ఎంత, 12 వోల్టుల వైపు మొత్తం ఆంపియర్లెన్ని. వాటిని తేదీతో, ఏ తీగ విప్పితే బ్రేకర్ నిలిచిందన్న వివరంతో ఒక కాగితం మీద రాసి బోర్డు తలుపు లోపలివైపు అంటించండి. ట్రాన్స్‌ఫార్మర్ వీఏ ఎంత, ఇప్పుడు వాడుతున్నది ఎంత అన్నది కూడా అందులోనే రాయండి. రేపు ఎవరైనా ఇంకో రెండు లైట్లు పెడదామంటే కమిటీ మీటింగులో ఆ కాగితం తెరిచి చూస్తే చాలు.